ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు, చెప్పందే పని జరగదంటారు

ఎడిటర్ గారికి నమస్కారం.

సెల్‌ఫోన్ వచ్చాక చదువుకునే పిల్లలు ఎందుకూ కొరగాకుండా పోతున్నారని ఈమధ్య మీ పేపర్లో ఒక పెద్దాయన రాశారు. మా హాస్టల్‌కి ఒకటే పేపర్ వస్తుంది, అందరి చేతులూ తిరిగి నా దాకా వచ్చేసరికి సాయంత్రమైంది, అయినా వ్యాసం మొత్తం చదివాను. అందులో అబద్ధమేమీ లేదు. రీల్స్ చూస్తాం, అర్ధరాత్రి దాకా చూస్తాం, పొద్దున క్లాసులో తూగుతాం, అదంతా నిజమే. కానీ ఆయన ఫోన్‌ని సరదా వస్తువుగానే చూశారు. మా ఇళ్ళల్లో ఇప్పుడు ఫోనంటే మండలాఫీసు, బ్యాంకు, రేషన్ షాపు, కరెంటాఫీసు అన్నీ కలిపి. ఆ ఆఫీసుల్లో జీతం లేని గుమాస్తాలు ఎవరయ్యా అంటే చదువుకుంటున్న మేమే. ఈ సంగతి ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నా, కొంచెం పొడుగైనా కత్తిరించకుండా వేసుకోండి సార్.

మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నా, కంప్యూటర్స్ గ్రూపు. ఊళ్ళో నాయన, అమ్మ, అవ్వ ఉంటారు, తమ్ముడు ఇంటర్. నేను కంప్యూటర్స్ తీసుకున్నానని తెలిసినప్పటి నుంచి మా వీధిలో ఎవరి ఫోన్‌లో ఏం వచ్చినా కాల్ నాకే వస్తుంది. మాకు పుస్తకంలో నేర్పేది జావా, డేటాబేస్. మా వీధివాళ్ళు అనుకునేది మాత్రం కంప్యూటర్స్ చదివితే గ్యాస్ బుకింగ్ దగ్గర్నుంచి ఆధార్ లింకు దాకా అన్నీ వచ్చేస్తాయని.

సాయంత్రం ఏడు దాటాక నా ఫోన్ చూడాలి మీరు. చిన్నమ్మకి సిలిండర్ బుక్ చేయాలి. పక్కింటి మామ కరెంటు బిల్లు ఫోటో పంపి "కట్టెయ్ పాపా, డబ్బులు మీ నాయనకిస్తా" అంటాడు. ఒకాయనకి కొడుకు స్కాలర్‌షిప్ స్టేటస్ కావాలి, ఇంకొకావిడకి ఎవరిదో పెళ్ళి కార్డు పీడీఎఫ్ తెరుచుకోవడం లేదు, మరొకరి ఫోన్లో స్టోరేజ్ నిండిపోయి గుడ్ మార్నింగ్ ఫోటోలు రావడం లేదని బాధ. ఒక చేత్తో సంగటి తింటూ ఇంకో చేత్తో ఈ పనులన్నీ చేస్తుంటాను. మా గదిలో ఉన్న మిగతా అమ్మాయిలదీ ఇదే కథ, ఒకమ్మాయిది గుత్తి వైపు, ఇంకో అమ్మాయిది రాయదుర్గం వైపు, ఊరి పేర్లే తేడా. దీని మీద నాకు కోపమేమీ లేదు, మనూరోళ్ళ పని చేసిపెడితే మన సొమ్మేం పోతుంది. కానీ చేయగా చేయగా నాకొకటి అర్థమైంది. కొన్నిటి గురించి నాకసలు ఎప్పుడూ ఎవరూ ఫోన్ చేయరు. అవి కూడా కొత్త టెక్నాలజీయే, మా ఊళ్ళోనే ఉన్నాయి, రోజూ వాడుతున్నారు, అయినా చేయరు. నా వరకు నాకు ఫోన్ రాని టెక్నాలజీయే మంచి టెక్నాలజీ, దాన్ని చేసినవాడెవడో మనుషుల్ని చూసి చేశాడని అర్థం.

మొదట బోరు మోటారు సంగతి చెప్తా. మాకు కొంచెం చీనీ (బత్తాయి) తోట ఉంది, దానికి ఒక బోరే దిక్కు. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటని చిన్నప్పుడు పాఠం లాగా చదువుకున్నాం, కాబట్టి బోరు విలువ మీకు చెప్పక్కర్లేదు. నా చిన్నప్పుడు త్రీఫేజ్ కరెంటు ఏ వేళకొస్తే ఆ వేళకి నాయన బ్యాటరీ లైటు పట్టుకుని తోటకి పోయేవాడు. చీకట్లో పాములు, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుంటే షాకు, ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ వాకిట్లో కూర్చునేది. ఆటో స్టార్టర్లు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు గానీ, కరెంటు రాగానే అందరి మోటార్లూ ఒక్కసారే తిరగబట్టి, లోడు ఎక్కువై ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది, అది బాగయ్యేదాకా అందరి తోటలూ ఎండాల్సిందే. అందుకే కరెంటోళ్ళు వచ్చి వాటిని తీసేయమని గొడవ చేసేవాళ్ళు.

ఇప్పుడు స్టార్టర్ పక్కన సిమ్ కార్డు వేసిన చిన్న డబ్బా ఒకటి బిగించారు. దానికొక నంబరు. నాయన తన బటన్ ఫోన్ నుంచే, స్మార్ట్‌ఫోన్ కూడా కాదు, ఆ నంబరుకి కాల్ చేస్తాడు. అది ఎత్తి తెలుగులో మాట్లాడుతుంది, మోటారు వేయడానికి ఫలానా అంకె నొక్కండి, ఆపడానికి ఫలానా అంకె నొక్కండి అని. ఒక ఫేజు పోయినా, బోర్లో నీళ్ళు తగ్గి మోటారు వట్టిగా తిరుగుతున్నా అదే ఆపేసి, అదే నాయనకి కాల్ చేసి చెప్తుంది. బోర్లోకి తొంగిచూడకుండా నీళ్ళు లేవని దానికెట్లా తెలుస్తుందని నాయనకి అనుమానం. నీళ్ళు ఎత్తే బరువు లేకపోతే మోటారు లాగే కరెంటు తగ్గుతుంది, ఆంప్స్ పడిపోవడం చూసి ఆపేస్తుందని చెప్తే, "ఓ, అంతేనా" అని తలకాయ ఊపాడు. మోటారు కాలితే బోర్లోంచి పైపులన్నీ బయటికి లాగి, వైండింగ్‌కి టౌనుకి తీసుకెళ్ళి, మళ్ళీ దింపేసరికి ఎంతవుతుందో రైతుని అడగండి, ఆ డబ్బా విలువ తెలుస్తుంది. అది పెట్టినప్పటి నుంచి మోటారు గురించి నాయన నాకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. చేసేది దానికే, రోజూ. నాకన్నా దాంతోనే ఎక్కువ మాట్లాడతాడని అమ్మ నవ్వుతుంది.

రెండోది సౌండ్ బాక్స్. అనంతపురంలో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినని స్టూడెంట్ ఉంటే అది వేరే ఊరి మనిషే అయ్యుండాలి. సప్తగిరి సర్కిల్ నుంచి కొంచెం పక్కకి పోతే మేము తినే బండి ఒకటుంది, నడిపేది ఒక పెద్దావిడ, సంతకం కూడా రాదు. యూపీఐ మొదలైంది 2016 ఏప్రిల్‌లో, అదే ఏడాది నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి, అయినా మొదట్లో ఇట్లాంటి బండ్ల వాళ్ళు స్టిక్కర్ అంటించుకోవడానికి భయపడ్డారు. ఎందుకంటే డబ్బు పడిందో లేదో చూసుకోవాలంటే ఫోన్ తీయాలి, మెసేజ్ చదవాలి, నూనె చేతుల్తో ఎవరు తీస్తారు, తీసినా ఇంగ్లీషు ఎవరు చదువుతారు. కొందరు పిల్లలు నిన్నటి పేమెంట్ స్క్రీన్‌షాట్ చూపించి తిని పోయేవాళ్ళు కూడా, పేర్లెందుకులెండి. ఇప్పుడు బండి మీద ఆ డబ్బా "ముప్పై రూపాయలు అందాయి" అని తెలుగులో అరుస్తుంది, ఆమె జల్లిగరిటె మీది నుంచి చూపు తిప్పకుండానే తరువాతి ప్లేటు పెడుతుంది. ఎవడైనా ఫోన్ ఆమె మొహం ముందు పెట్టి పడింది చూడమంటే చూడదు, "మోగేదాకా ఉండబ్బీ" అంటుంది. దీని వెనకున్న తెలివి చాలామందికి తెలియదు. ఆ డబ్బాకి దాని సిమ్ దానికే ఉంటుంది, డబ్బు ఆమె ఖాతాకి చేరిందన్న కబురు పేమెంట్ కంపెనీ సర్వర్ నుంచి నేరుగా దానికొస్తుంది, కట్టేవాడి ఫోన్‌తో దానికి సంబంధమే లేదు. అందుకే నకిలీ స్క్రీన్‌షాట్ అక్కడ చెల్లదు. నెలనెలా ఆ డబ్బాకి అద్దె పట్టుకుంటారని ఆమె సణుగుతుంది, అది వేరే సంగతి, చిల్లర లేక పోయే గిరాకీ కంటే అద్దే నయమని కూడా తనే అంటుంది.

ఈ రెండిట్లో మీరు గమనించారో లేదో, రెండూ తెలుగులో మాట్లాడతాయి, రెండూ ఏదీ చదవమనవు, రెండూ ఎవరినీ రహస్యం అడగవు.

ఇక నాకు ఫోన్లు వచ్చే వాటి దగ్గరికొస్తా. వాటిల్లో సగం ఓటీపీ కోసమే. మా ఇంట్లో అవ్వ ఆధార్‌కీ, అమ్మ ఆధార్‌కీ, గ్యాస్‌కీ అన్నిటికీ లింకైన నంబరు నాదే. ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఇంతే, ఎవరి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటే వాళ్ళ నంబరే ఇంటిల్లిపాదికీ. నేను అనంతపురంలో ల్యాబ్‌లో ఉంటా, అవ్వ అక్కడ కౌంటర్ ముందు నిలబడి ఉంటుంది. నాకు ఆరంకెలు వస్తాయి, అమ్మ నాకు కాల్ చేస్తుంది, ల్యాబ్‌లో ఫోన్ ఎత్తకూడదు, ఎత్తి చెప్పేసరికి టైమ్ అయిపోయింది మళ్ళీ పంపిస్తున్నామంటారు. ప్రాక్టికల్ పరీక్ష రోజైతే అవ్వ పని ఆగిపోయినట్టే, రేపు రమ్మంటారు, ఆమెకి రేపంటే మళ్ళీ ఆటో చార్జీ, కూలి పోగొట్టుకుని తోడొచ్చే మనిషి.

ఇది ఇబ్బంది మాత్రమే అయితే నేను ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. అసలు చిక్కు ఇంకోటుంది. బ్యాంకు మెసేజ్‌లో ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఉంటుంది. టీవీలోనూ చెప్పొద్దంటారు. ఆ మధ్య ఎవరికి ఫోన్ చేసినా రింగు కంటే ముందు జాగ్రత్తలే వినిపించేవి. సరే, చెప్పం. కానీ సిలిండర్ తెచ్చిన అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి "ఓటీపీ చెప్పక్కా" అంటాడు, చెప్పకపోతే సిలిండర్ దింపడు. పార్సిల్ అబ్బాయి అడుగుతాడు. నెట్ సెంటర్‌లో అప్లికేషన్ పెట్టే ఆయన అడుగుతాడు. ఈకేవైసీ, అంటే ఆ మనిషి మనమేనా అని ఆధార్‌తో సరిచూసే పని, అది ఉన్న ప్రతి చోటా అడుగుతారు. సిమ్ మార్చుకోబోతే అడుగుతారు. పొద్దున లేస్తే సక్రమమైన మనుషులే నలుగురు ఓటీపీ అడుగుతుంటే, ఐదోవాడు దొంగ అని మా అవ్వకి ఎట్లా తెలియాలి? "ఎవరికి చెప్పాల, ఎవరికి చెప్పగూడదు, ఒక్కమాటలో చెప్పు" అని అడిగింది నన్ను. మనం వాళ్ళ దగ్గరికి పోతే చెప్పొచ్చు, వాళ్ళే మనకి ఫోన్ చేస్తే చెప్పకూడదు అన్నాను. "మరి గ్యాస్ పిల్లోడు వాడే వస్తాడు గదా" అంది. అవ్వ ప్రశ్నకి నా సిలబస్‌లో జవాబు లేదు సార్, మా సార్ వాళ్ళ దగ్గర కూడా లేదు, అడిగి చూశాను.

ఓటీపీ వచ్చే మెసేజ్‌లోనే అది దేనికోసమో రాసి ఉంటుంది, చదువుకోవచ్చు కదా అనొచ్చు మీరు. ఇంగ్లీషులో రాసి ఉంటుంది. తెలుగులో ఎందుకు పంపరా అని వెతికితే కారణం ఒకటి కనిపించింది, అది మా సబ్జెక్టే కాబట్టి కొంచెం చెప్తా. ఇంగ్లీషులో అయితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు, హిందీ లాంటి లిపులకి అదే మెసేజ్‌లో 70 మాత్రమే. పైగా మన గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి, "స్త్రీ" అని రాస్తే కంటికి ఒకటే అక్షరం, లెక్కలో ఆరు. 70 దాటితే రెండు మెసేజ్‌లకింద లెక్క, పంపేవాడికి ఖర్చు డబుల్. లక్షల మెసేజ్‌లు పంపేవాళ్ళకి అది చిన్న తేడా కాదు, ఒప్పుకుంటా. కానీ పొదుపుగా రాస్తే ఎందుకు పట్టదు? "గ్యాస్ డెలివరీ కోడ్ 4821. సిలిండర్ ఇచ్చే మనిషికి మాత్రమే చెప్పండి." లెక్కపెట్టి చూశాను, ఖాళీలతో, చుక్కలతో కలిపి 66. ఒక్క మెసేజ్‌లో సరిపోయింది. ఈ ఒక్క ముక్క తెలుగులో వస్తే, కనీసం తమ్ముడి వయసు పిల్లలైనా చదివి పెద్దవాళ్ళకి చెప్తారు, చదవడం వచ్చిన పెద్దవాళ్ళు వాళ్ళే చూసుకుంటారు. డబ్బు పోయే ఓటీపీకీ, గ్యాస్ ఓటీపీకీ తేడా మొదటి మాటలోనే తెలిసిపోతుంది.

మాకు చిన్నాయన వరసయ్యే ఒకాయనకి జరిగింది చెప్తా. రైతులకి కేంద్రం ఏడాదికి మూడు విడతల్లో 6000 ఇస్తుంది కదా, ఆ విడత డబ్బు ఆగిపోయింది, ఈకేవైసీ చేయాలి, నంబరు చెప్పండని ఫోనొచ్చింది. అంతకుముందు వారమే ఆయన నిజంగానే ఈకేవైసీ కోసం కౌంటర్‌లో ఓటీపీ చెప్పి వచ్చాడు. అదే పని అనుకుని మళ్ళీ చెప్పాడు. శెనక్కాయలమ్మిన డబ్బు ఖాతాలోంచి పోయింది. మర్నాడు బ్యాంకుకి పోతే "ఓటీపీ మీరే చెప్పారు, మేమేం చేస్తాం" అన్నారు. చదువుకున్నవాళ్ళు కూడా నవ్వారు, అంత అమాయకుడేంటని. ఆయన అమాయకుడు కాదు, సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పే మనిషి. ఆయనకి ఒకే వారంలో రెండు సార్లు ఒకే ప్రశ్న వేశారు, ఒకసారి చెప్పడం ఒప్పు, ఇంకోసారి తప్పు, తేడా ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు ఆయనకి తెలియనివి, మీ పేపర్ చదివేవాళ్ళకైనా తెలియాల్సినవి కొన్నున్నాయి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, మర్నాడు కాదు, ఎందుకంటే ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పరుగెత్తుతూ ఉంటుంది, ముందే చెప్తే ఎక్కడో ఒకచోట ఆపడానికి వీలుంటుంది. బ్యాంకుకి కూడా వెంటనే చెప్పాలి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, వివరాలు మనమే చెప్పినా సరే, ఫిర్యాదు చేసిన తర్వాత పోయే డబ్బుకి బాధ్యత బ్యాంకుదే. ఇంకోటి, యూపీఐలో డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, డబ్బొస్తుందని చెప్పి పిన్ అడిగారంటే పోతున్నదనే అర్థం. ఎవరో "డబ్బు పంపించు" అని రిక్వెస్ట్ పెట్టి, డబ్బొస్తుందని నమ్మించి పిన్ కొట్టించే మోసాలు ఎక్కువయ్యాయనే, మనిషికీ మనిషికీ మధ్య అట్లా రిక్వెస్ట్ పెట్టే పద్ధతిని 2025 అక్టోబరు 1 నుంచి తీసేశారు. ఇది నాకు నచ్చింది. జనాన్ని జాగ్రత్తగా ఉండమని పాఠాలు చెప్పే బదులు, మోసానికి దారిచ్చే తలుపునే మూసేశారు. ఓటీపీ విషయంలో కూడా ఇట్లాంటిదేదో ఆలోచించమనే నా గోల.

వేలిముద్రల గురించి పెద్దగా రాయను, అందరికీ తెలిసిందే. విత్తనానికి కాయలొలిచి ఒలిచి అవ్వ బొటనవేలి గీతలు అరిగిపోయాయి, మిషను పట్టుకోదు, కొంగుతో తుడిచి పెడుతుంది, వేలు మార్చి పెడుతుంది, చివరికి కన్ను చూపించమంటారు, ఆపరేషన్ అయిన కన్నది.

ఫోటో హాజరు కథ ఇంకా విచిత్రం. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న, ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించారు. ఆ పనుల్లో దొంగ మస్టర్లు (హాజరు పట్టీలు) పట్టుకోవాలని 2023 జనవరి నుంచి రోజుకి రెండుసార్లు పని దగ్గరే ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. మంచిదే, దొంగ లెక్కలు ఎవరికి ఇష్టం? కానీ పొద్దున తొమ్మిదికే గుంత తవ్వడం అయిపోయినా, రెండో ఫోటో కోసం ఎండలో కూర్చునే ఆడవాళ్ళలో మా అమ్మ ఒకటి. ఇంత చేసి ఏమైంది? 2025 జూలైలో కేంద్రమే రాష్ట్రాలకి లేఖ రాసింది, పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారని, ఫోటోని ఫోటో తీసి ఎక్కిస్తున్నారని. దొంగలకి దారి దొరికింది, పని చేసేవాళ్ళకే తిప్పలు.

అన్నీ ఇట్లాగే ఉన్నాయని కాదు. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందించే మన మిత్ర మొదలుపెట్టారు, అప్పుడే 161 సేవలతో. 95523 00009 అన్న నంబరుకి హాయ్ అని పెడితే చాలు. తమ్ముడి ఇంటర్ హాల్ టికెట్ దాంట్లోనే తీశాం. ఫీజు బాకీ ఉందని హాల్ టికెట్ ఆపి పిల్లల్ని ఏడిపించే కాలేజీలు ఎన్ని లేవు, ఇప్పుడు వాళ్ళ దయ అక్కర్లేకుండా నేరుగా ఫోన్‌కే వస్తుంది. నిజంగా పెద్ద మార్పు అది. ఐతే అది కూడా చదవడం వచ్చినవాళ్ళకే, జాబితాలు తెరిచి, జాబితాలో ఇంకో జాబితా తెరిచి పోవాలి, అవ్వ లాంటివాళ్ళకి మళ్ళీ నేనే. బోరు డబ్బా మాట్లాడినట్టు అదీ మాట్లాడి, అవ్వ చెప్పింది విని చేస్తే, నా సాయంత్రాలు నాకు మిగులుతాయి.

వినడం అనగానే మా వాళ్ళంతా ఏఐ వచ్చేసింది కదా అంటారు. చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న వచ్చింది, ఇప్పుడు మా క్లాసులో దాన్ని వాడని మనిషి లేడు. నాకు అది మేలు చేసింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. పది దాకా తెలుగు మీడియం చదివి డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చున్నవాళ్ళకే ఆ బాధ తెలుస్తుంది. డేటాబేస్‌లో నార్మలైజేషన్ అని ఒక పాఠం, క్లాసులో విన్నా, వీడియో చూశా, బుర్రకెక్కలేదు. కిరాణా కొట్టు అప్పు పుస్తకం పెట్టి తెలుగులో చెప్పమని అడిగా. ప్రతి పద్దు దగ్గరా అప్పు తీసుకున్నాయన పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకుంటూ పోతే, ఆయన నంబరు మారినప్పుడు ఒక పేజీలో దిద్ది ఇంకో పేజీలో మర్చిపోతాం కదా, అందుకే మనుషుల వివరాలకి ఒక పుస్తకం, పద్దులకి ఇంకో పుస్తకం అని చెప్పింది. పరీక్షలో అదే రాశా, సార్ మార్కులేశారు. అర్ధరాత్రి అడిగినా విసుక్కోకుండా చెప్పే మాస్టారు మా లాంటివాళ్ళకి ఇంతకుముందు దొరికాడా? అసైన్‌మెంట్లు అందరం దాంట్లోంచే ఎత్తిరాసి, అందరివీ ఒకేలా ఉండి తిట్లు తినడమూ ఉంది, అది పాత రోగమే, ఒకప్పుడు సీనియర్ల రికార్డు చూసి ఎత్తేవాళ్ళు.

కానీ ఊరి సంగతి అడిగితే దాని పస తెలిసిపోతుంది. కదిరి పరిశోధన కేంద్రం వాళ్ళు తెచ్చిన కదిరి లేపాక్షి అనే వేరుశనగ రకం ఉంది, ఆ విత్తనం గురించి నాయన అడగమంటే అడిగా. లేపాక్షి గుడి, వేలాడే స్తంభం, నంది, అన్నీ వర్ణించింది. మళ్ళీ వేరుశనగ అని విడమరిచి చెప్తే, ఈసారి మన నేలకీ వానకీ సంబంధం లేని సలహాలు ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోయింది. నాయన విని "ఇది ఎప్పుడూ శేను చూడలే" అన్నాడు. అవ్వ మాట్లాడితే వాయిస్ టైపింగ్ సగం మాటలు మింగేస్తుంది, అవే మాటలు నేను టీవీ వార్తల్లో చదివినట్టు చదివితే బాగానే పట్టుకుంటుంది. దానికి నేర్పినవాళ్ళు మన సీమ మాట ఎంత వినిపించారో నాకు తెలియదు గానీ, చాల్లేదని మాత్రం అవ్వని చూస్తే తెలుస్తుంది. అనంతపురం, కర్నూలు, కడప సంతల్లో మాట్లాడే మాట మిషన్లకి అందితే తప్ప, ఈ మాట్లాడే టెక్నాలజీ అవసరమైనవాళ్ళకి చేరదు.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది. మీ జిల్లా పేజీలో రోజూ వెండి, బంగారం ధరలు వేస్తారు, చీనీ రేటు వేస్తారు, దాని పక్కన 1930 అన్న నంబరు ఒక చిన్న గళ్ళో రోజూ వేయండి. వారానికొకసారి వేసి మర్చిపోతే లాభం లేదు, డబ్బు పోయిన రోజు పేపర్ ఎత్తితే కనపడాలి. ఏ పనికి ఓటీపీ చెప్పాలి, ఏ పనికి చెప్పకూడదు అన్నది పెద్దక్షరాల్లో రాసి ప్రతి సచివాలయం గోడ మీదా, బ్యాంకు గోడ మీదా పెట్టమని మీరు రాస్తే అధికారులు వింటారు, నేను రాస్తే వినరు. కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళు ఓటీపీ అడిగే ముందు "ఇది ఫలానా పనికి" అని ఒక్క మాట చెప్పాలి, దానికేం బడ్జెట్ అక్కర్లేదు. ఫోన్ దగ్గర లేని ముసలివాళ్ళని రేపు రమ్మనకుండా పని జరిగే దారి ఇంకోటి ఉంచాలి.

మా కాలేజీల వైపు నుంచి కూడా ఒకటుంది. డిగ్రీలో మాకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని పెట్టారు, 180 గంటలు ఊళ్ళలో పని చేయాలి, దానికి క్రెడిట్లు కూడా ఉన్నాయి. కాగితం మీద చూస్తే చాలా గొప్పగా ఉంటుంది. జరిగేది ఏంటంటే, జిరాక్స్ షాపులో పాత రిపోర్టు దొరుకుతుంది, ఊరి పేరు మార్చి, నాలుగు ఫోటోలు అంటించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు, సంతకం అయిపోతుంది. వాటి బదులు ఆ గంటల్లో సగమైనా, మా ఊరి వాళ్ళకి మేమే ఫోన్ నేర్పే పనికి లెక్కేయమని యూనివర్సిటీ వాళ్ళని అడగండి. యాప్‌లు చూపించడం కాదు. పిన్ ఎప్పుడు కొట్టాలి, మెసేజ్ ఎక్కడ చూసుకోవాలి, డబ్బు పోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇట్లాంటివి, రచ్చబండ దగ్గర కూర్చుని, వాళ్ళ ఫోన్లు వాళ్ళ చేతుల్లోనే ఉంచి. నెల తర్వాత ఆ ఊళ్ళో ఎంతమంది ఎవరి సాయం లేకుండా కరెంటు బిల్లు కట్టారో చూసి మార్కులేయమనండి. మా గదిలో ఉన్న అమ్మాయిలం దీనికి సిద్ధంగా ఉన్నాం, మా లెక్చరర్ ఒకరు కూడా సరేనన్నారు, పైనుంచి ఒక సర్క్యులర్ కావాలంటున్నారు. వచ్చే సెలవుల లోపే అది వస్తే ఈ ఏడాది బ్యాచ్‌తోనే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థిని,
అనంతపురం.